కమాండ్ లైన్‌కి తెలుగు వస్తుందా?

సీ ల్యాబ్‌లో మనం రాసే ప్రోగ్రాములన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. రన్ చేయగానే "ఎంటర్ ఎ నంబర్" అని అడుగుతుంది, మనం ఇస్తాం, అది జవాబు చెప్తుంది. లినక్స్‌లో రోజూ వాడే కమాండ్లు మాత్రం ఇట్లా ఏమీ అడగవు. ఏం కావాలో పిలిచేటప్పుడే చెప్పేస్తాం. ఎల్‌ఎస్ పక్కన ఒక గీత పెట్టి ఎల్ అని కొడితే ఫైళ్ల జాబితా పూర్తి వివరాలతో వస్తుంది. ఆ గీతతో మొదలయ్యే మాటలే ఆప్షన్లు. వాటిని ప్రోగ్రాం చదివి అర్థం చేసుకోవడమే పార్సింగ్.

కోహెడలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాకు ఇక్కడ ఒక ప్రశ్న పుట్టింది. ఈ ఆప్షన్లు ఇంగ్లీషులోనే ఎందుకుండాలి?

./లెక్క --పదాలు కోహెడ

అని కొడితే, 'కోహెడ' అనే ఫైల్లో ఎన్ని పదాలున్నాయో చెప్పే ప్రోగ్రాం సీలో రాయలేమా? రాయొచ్చు. ఎట్లా రాయొచ్చో, ఎక్కడ అడ్డం తగులుతుందో చూస్తే ఆప్షన్ల పార్సింగ్ మొత్తం అర్థమైపోతుంది.

ప్రోగ్రాం చేతికి వచ్చేదేమిటి?

మెయిన్ ఫంక్షన్‌కు రెండు వస్తాయి: ఆర్గ్‌సీ, ఆర్గ్‌వీ. మొదటిది ఎన్ని మాటలు వచ్చాయన్న సంఖ్య, రెండోది ఆ మాటల వరుస. పై కమాండ్‌లో ఆర్గ్‌సీ విలువ 3. ఆర్గ్‌వీలో సున్నా స్థానంలో ప్రోగ్రాం పేరు, ఒకటిలో "--పదాలు", రెండులో "కోహెడ" ఉంటాయి. మూడో స్థానంలో నల్ ఉంటుంది. ఖాళీల దగ్గర మాటలను విడగొట్టే పని షెల్‌ది, సీది కాదు.

అసలు విషయం ఏమిటంటే, గీతకు సీ భాషలో ప్రత్యేకమైన అర్థం ఏమీ లేదు. "--పదాలు" అన్నా "కోహెడ" అన్నా మెయిన్‌కు రెండూ బైట్ల వరుసలే. ఒకటి ఆప్షన్, ఇంకొకటి ఫైల్ పేరు అన్న తేడా అందరూ ఒప్పుకున్న ఆనవాయితీ మాత్రమే. ఆ ఆనవాయితీని ప్రతి ఒక్కరూ తమకు తోచినట్టు స్ట్రింగ్ కంపేర్‌లతో రాసుకుంటే, ఒక్కో ప్రోగ్రాం ఒక్కో తీరుగా ప్రవర్తిస్తుంది. అందుకే గెట్‌ఆప్ట్ అనే లైబ్రరీ ఫంక్షన్ ఉంది. ఏటీ అండ్ టీ దీని సోర్సును 1985లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. తర్వాత ఇది పోసిక్స్ ప్రమాణంలో చేరింది.

ఒక్క అక్షరం ఆప్షన్: తెలుగుకు తలుపు మూసే ఉంది

గెట్‌ఆప్ట్‌కు మనం ఒక చిన్న స్ట్రింగ్ ఇస్తాం. మన ప్రోగ్రాం ఒప్పుకునే అక్షరాలన్నీ అందులో ఉంటాయి. ఏదైనా అక్షరం పక్కన కోలన్ పెడితే, ఆ ఆప్షన్‌కు విలువ కూడా కావాలని అర్థం. లూప్‌లో పిలుస్తూ పోతే ఒక్కో పిలుపుకు ఒక్కో ఆప్షన్ ఇస్తుంది. విలువ ఉంటే ఆప్ట్‌ఆర్గ్ అనే గ్లోబల్ వేరియబుల్‌లో పెడుతుంది. తెలియని అక్షరం వస్తే ప్రశ్నార్థకం, ఆప్షన్లు అయిపోతే -1 తిరిగొస్తాయి. అప్పుడు ఆప్ట్‌ఇండ్ అనే వేరియబుల్ చూస్తే, మిగిలిన ఫైల్ పేర్లు ఎక్కణ్ణుంచి మొదలవుతాయో తెలుస్తుంది.

మరి "-ల" అని ఇస్తే? గెట్‌ఆప్ట్ దృష్టిలో అక్షరం అంటే ఒక క్యార్, అంటే ఒక్క బైటు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌కు మూడు బైట్లు పడతాయి. 'ల' అంటే 224, 176, 178. 'క' అంటే 224, 176, 149. మొదటి రెండు బైట్లు రెండింటికీ ఒకటే! కాబట్టి "-ల"ను గెట్‌ఆప్ట్ మూడు వేర్వేరు ఆప్షన్లుగా చూస్తుంది, మూడుసార్లు "ఈ ఆప్షన్ నాకు తెలియదు" అంటుంది. ఈ దారి మనకు పనికిరాదు.

పొడుగు ఆప్షన్: తలుపు తెరిచే ఉంది

గ్నూ వాళ్లు చేర్చిన గెట్‌ఆప్ట్ లాంగ్ రెండు గీతల ఆప్షన్లను చదువుతుంది. దీనికి మనం ఒక పట్టిక ఇవ్వాలి. ప్రతి వరుసలో నాలుగు గడులు: ఆప్షన్ పేరు, విలువ కావాలా వద్దా, ఒక పాయింటర్ (సాధారణంగా నల్), గుర్తింపు సంఖ్య. చివరి వరుస అంతా సున్నాలే ఉండాలి. అది చూసే పట్టిక అయిపోయిందని ఫంక్షన్‌కు తెలుస్తుంది. అది మరిచిపోతే పట్టిక దాటి ఎక్కడెక్కడో చదువుతుంది.

ఇక్కడ పేరు ఒక పూర్తి స్ట్రింగ్. పోల్చేది బైటుకు బైటు. అది ఇంగ్లీషా తెలుగా అని ఎవరూ అడగరు! పట్టికలో "పదాలు", "పంక్తులు", "అక్షరాలు", "ఎన్ని" అని రాస్తే చక్కగా పనిచేస్తాయి. గుర్తింపు సంఖ్య దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ఇంగ్లీషు అక్షరాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టినట్టు 'ప' అని పెట్టొద్దు. అది ఒక క్యార్‌లో పట్టదు. 256 నుంచి మొదలుపెట్టి మామూలు సంఖ్యలు ఇచ్చుకుంటే వేటితోనూ తగువు రాదు.

ఏ కోహెడ?

గెట్‌ఆప్ట్ లాంగ్‌లో నాకు బాగా నచ్చిన గుణం, పేరు మొత్తం రాయనవసరం లేకపోవడం. "--పద" అంటే "--పదాలు" అని అదే గ్రహిస్తుంది. "--పం" అంటే "--పంక్తులు". కానీ ఊరికే "--ప" అంటే? రెండూ 'ప'తోనే మొదలవుతాయి కాబట్టి ఊహించి ఏదో ఒకటి చేయకుండా, అస్పష్టంగా ఉందని చెప్పి ఆగిపోతుంది.

మా ఊరివాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. హైదరాబాద్‌లో "మాది కోహెడ" అంటే, "ఏ కోహెడ? హయత్‌నగర్ కాడిదా, హుస్నాబాద్ కాడిదా?" అని తిరిగి అడుగుతారు. ఒకటి రంగారెడ్డి జిల్లాలో ఉంది. ఇంకొకటి మాది, 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. తప్పు బస్సు ఎక్కించడం కంటే తిరిగి అడగడమే మర్యాద. మంచి ప్రోగ్రాం చేయాల్సిందీ అదే.

అడగకుండా మింగేస్తే ఏమవుతుంది?

ఈ మర్యాద తప్పే చోటు ఒకటుంది. "--ఎన్ని=10" అంటే మొదటి 10 పంక్తులే చూడమని అనుకుందాం. ఆప్ట్‌ఆర్గ్‌లో వచ్చేది సంఖ్య కాదు, "10" అనే స్ట్రింగ్. దాన్ని సంఖ్యగా మార్చడానికి క్లాసులో ఏటాయ్ నేర్పుతారు. ఎవరైనా "--ఎన్ని=పది" అని రాస్తే ఏటాయ్ చప్పుడు చేయకుండా 0 ఇస్తుంది. తెలుగు అంకెల్లో "--ఎన్ని=౧౦" అని రాసినా 0నే. సరిగ్గా రాశానని వాడినవాళ్లు అనుకుంటారు, ప్రోగ్రాం తప్పు జవాబు ఇస్తుంది, ఎవరికీ తెలియదు. అందుకే ఎస్‌టీఆర్‌టోల్ వాడాలి. చదవడం ఎక్కడ ఆగిందో అది ఒక పాయింటర్‌లో చెప్తుంది. ఆ పాయింటర్ మొదట్లోనే ఉండిపోతే సంఖ్యే లేదన్నమాట, వెంటనే ఎర్రర్ ఇవ్వొచ్చు. తెలుగు అంకెలు ఒప్పుకోవాలంటే ౦ నుంచి ౯ దాకా మనమే మార్చుకోవాలి, పెద్ద కష్టమేమీ కాదు.

ఇంకొకటి. ఫైల్ పేరే "-కోహెడ" అయితే? దాన్ని ఆప్షన్ అనుకుని, ఎర్రర్ దగ్గర ఆగని లూప్ అయితే 15 బైట్లకు 15 ఎర్రర్లు చూపిస్తుంది. దీనికి మందు ఉత్త రెండు గీతలు: "./లెక్క -- -కోహెడ". ఆ రెండు గీతల తర్వాత వచ్చేవేవీ ఆప్షన్లు కావని గెట్‌ఆప్ట్‌కు తెలుసు. ఆర్‌ఎం లాంటి, ఫైళ్లు చెరిపే కమాండ్లతో ఈ అలవాటు చాలా అవసరం.

వాడే ముందు చూసుకోవాల్సినవి

విండోస్‌లో సాధారణంగా ఆర్గ్‌వీకి తెలుగు సరిగ్గా చేరదు, ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. లినక్స్‌లోనో డబ్ల్యూఎస్‌ఎల్‌లోనో ప్రయత్నించండి. టెర్మినల్‌లో ఒత్తులు చెదిరి కనిపించినా కంగారు పడొద్దు. బొమ్మ చెదిరినా బైట్లు అవే ఉంటాయి. "ల్యాబ్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు దాక్కుంటుంది. దానికీ మూడు బైట్లు. అట్లాంటి మాటలను ఆప్షన్ పేర్లుగా పెట్టకండి. ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేస్తే రెండూ కలవవు. కీబోర్డు మార్చడం ఇబ్బంది అనుకునేవాళ్ల కోసం అదే గుర్తింపు సంఖ్యతో ఒక ఇంగ్లీషు పేరు కూడా పట్టికలో చేర్చండి.

చివరగా ఆప్షన్ పేరు గురించి. పేరు అంటే ప్రోగ్రాం ఇచ్చే మాట. డబ్ల్యూసీ కమాండ్‌లో "సీ" ఆప్షన్ బైట్లను లెక్కపెడుతుంది, 'కోహెడ'కు 15 అంటుంది. "ఎమ్" ఆప్షన్ యూనికోడ్ కోడ్‌లను లెక్కపెడుతుంది, గుణింతపు గుర్తులతో కలిపి 5 అంటుంది. మా ఊరి బడిలో ఏ పిల్లను అడిగినా కో, హె, డ అని వేళ్లు మడిచి మూడు అంటుంది. మన "--అక్షరాలు" ఈ మూడింటిలో ఏది చెప్పాలి? గెట్‌ఆప్ట్ ఆ మాటను మన దాకా తెచ్చి ఇస్తుంది, అంతే. దానికి అర్థం ఇవ్వాల్సింది మనమే. నా ఓటు మూడుకే.