చేప తల యెత్తిన వేళ

మబ్బు పట్టిన దినముల తరువాత, తెల్లవారుజామున మండవల్లి, కైకలూరు ప్రాంతముల చేపలచెరువుల గట్లమీద నడచువారికి ఒక దృశ్యము కొత్త కాదు. నీటిపై లెక్కకు మించిన చిన్న చిన్న వలయములు. ఒక్కొక్క వలయము నడుమ ఒక చేపనోరు. శీలావతియు, బొచ్చెయు పైపొరకు వచ్చి నోళ్ళు తెరచుచు మూయుచు నుండును. గట్టుమీది రైతు గుండెలో రాయి పడును. నెలల తరబడి తవుడును, చెక్కయు పెట్టి పెంచిన సొమ్మంతయు ఆ నీటిలోనే యున్నది. అది తెల్లవారులోపల పోవచ్చును. చేప తన బాధ చెప్పుకొనలేదు. కనుక చెరువునే అడుగవలెను. ఏ ప్రశ్న ముందు, ఏది వెనుక అన్నదే ఇచ్చట మన విచారణ.

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ ఏర్పడిన పల్లము కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి ఇందు కలియును. ఉప్పుటేరు మిగులు నీటిని సముద్రమునకు చేర్చును. 1957లో హీరాలాల్ చౌధురి కటకమందలి పరిశోధన కేంద్రమున ఉండి, చేపలకు పీయూషగ్రంథి రసము నెక్కించి గ్రుడ్లు పెట్టించు విధానమును సాధించిన పిమ్మట, పిల్లకొరకు నదుల మీదనే ఆధారపడు కాలము గతించినది. ఈ పల్లములో వరిచేలు క్రమముగా చెరువులైనవి. 1999లో సరస్సు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ జాబితా కెక్కినది. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లు పగులగొట్టబడినవి. ఆ చరిత్ర వేరొక ప్రసంగమునకు తగినది. మనకిప్పుడు కావలసినది ఒక్క సంగతి: ఇది వాలు లేని నేల. ఒకరు మురుగుకాలువలోనికి వదలిన నీటినే మరియొకరు తోడుకొందురు. కావున జబ్బు నీటిలో నున్నదా, చేపలో నున్నదా యని తెలిసికొనుట ఒక్క రైతు లాభనష్టములతో తీరునది కాదు.

మొదటి ప్రశ్న: చేప తల యెత్తినది ఏ వేళ? తెల్లవారుజామున ఎత్తి, ఎండ వచ్చిన గంట రెండు గంటలకు దింపినచో, అది వ్యాధి కాదు, ఊపిరి చాలమి. నీటికి పచ్చదనము నిచ్చు సూక్ష్మమైన పాచి పగలు ఎండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి అదే పాచి, చేపలతోపాటు, అడుగు బురదతోపాటు, ఆ వాయువును పీల్చుకొనును. సూర్యోదయమునకు ముందు నిలువ అడుగంటును. ముప్పది డిగ్రీల వేడిగల నీరు, గాలితో సమతూకమున నున్నప్పుడు, లీటరునకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే పట్టుకొనగలదు. అయిదు మిల్లీగ్రాములున్న చేపకు సుఖము. మూడింటికి దిగినచో తిండి సహింపదు. ఒకటికి చేరువైనచో తల యెత్తును. రెండు మూడు దినములు మబ్బు పట్టి, పగటి ఉత్పత్తి కుంటుపడిన చెరువులో ఈ లెక్క తప్పుటకు ఎంతో కాలము పట్టదు. ఊపిరి చాలక చచ్చునప్పుడు సాధారణముగా పెద్ద చేపలు ముందు పోవును. అన్నియు ఒక్క రాత్రియందే పోవును. ఇది గుర్తుంచుకొనదగిన ఆనవాలు.

ఇచ్చటనే పెద్ద పొరపాటు జరుగును. నీరు చిక్కని పచ్చగా నుండుట చూచి, పాచియే శత్రువని తలచి, మైలుతుత్తము చల్లువారు కలరు. పాచి చచ్చును, నిజమే. చచ్చిన పాచి కుళ్ళును. కుళ్ళుటకు ప్రాణవాయువు కావలెను. అప్పటికే చాలని దానిలో మరికొంత పోవును. మందు వేసిన మరునాడు చేప తేలిపోయినచో, మందు చాలలేదని రెండవ మోతాదు వేయుదురు! చెరువు నీటిని పరీక్షింపక, గట్టుమీదనే నిలుచుండి సీసా పేరు చెప్పు మందుల వర్తకుని మాటకంటె, ఆ రాత్రికి మేత ఆపి, ఏరియేటరు తిప్పి, మంచినీరు పెట్టించుట వేయిరెట్లు మేలని మా తలపు.

ఎండ యెక్కినను చేప తల దింపనిచో రెండవ ప్రశ్న పుట్టును. మిగిలిన మేతయు, చేపల విసర్జనమును కలిసి అమోనియా యగును. దీని విషము నీటి క్షారగుణముననుసరించి మారును. ముప్పది డిగ్రీల వేడిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తము అమోనియాలో నూటికి ఒక పాలు మాత్రమే విషరూపమున నుండును, పి.హెచ్. 9 ఐనచో నలుబది పాళ్ళు దాటును. పచ్చని చెరువులో మధ్యాహ్నమునకు పి.హెచ్. పెరుగును. ఉదయము నిరపాయమైన నీరే సాయంకాలమునకు విషమగుట ఇందువలననే. అట్టి దినమున సున్నము చల్లినచో అగ్నిలో ఆజ్యము పోసినట్లే. మొప్ప ఎత్తి చూడగా ఎరుపునకు బదులు కాఫీగింజ వన్నె కనిపించినచో నైట్రైటును అనుమానింపవలెను. దానికి ఉప్పు పనిచేయును. ఉప్పులోని క్లోరైడు, నైట్రైటు మొప్పలగుండ రక్తములో చొరబడుటను అడ్డగించును.

నీరు నిర్దోషియని తేలిన పిదప గదా చేపను పట్టి చూచుట! రోజునకు పది, ఇరువది వంతున చచ్చుచున్నచో, ఒక్క జాతికే బాధ కలిగినచో, చేప గట్టునకు, కర్రకు ఒళ్ళు రాచుకొనుచున్నచో వ్యాధిని శంకింపవలెను. శీలావతికి పట్టు పేను కంటికే కనబడును. పొలుసులపై పలుచని బిళ్ళవలె అంటి యుండును. పుండ్లు పడు జబ్బు 1988లో ఈశాన్యముగా మన దేశమున ప్రవేశించినది. నీరు చల్లబడు మాసములలో అది ప్రబలును. పేనుకు వాడు మందు పుండునకు పనికిరాదు, పుండునకు వాడునది పేనుకు పనికిరాదు.

సముద్రపు పగడములను గాజుతొట్లలో పెంచు వేడుక గలవారు ఇతర దేశములలో వేలకొలది కలరు. పగడము తెల్లబారినచో, దాని దేహములో కాపురముండు సూక్ష్మపు పాచి వెడలిపోయినదని వారెరుగుదురు. వారిలో ఆరితేరినవాడు ముందు ఉప్పదనము, వేడి, క్షారత్వము, వెలుతురు కొలిచి చూచును. మందుసీసా ఆపైని మాట. తొట్టి మూరెడు, చెరువు ఎకరాలు. విచారణ క్రమము మాత్రమొక్కటే.

కొలుచుటకు గొప్ప సాధనము లక్కరలేదు. ఇటలీ దేశపు మతగురువు, ఖగోళజ్ఞుడు ఆంజెలో సెక్కి 1865లో సముద్రములోనికి తెల్లని పళ్ళెమును దింపి, అది ఎంత లోతున కనుమరుగగునో కొలిచెను. నేడు నలుపు తెలుపుల ఇరువది సెంటీమీటర్ల పళ్ళెమునకు త్రాడు కట్టి రైతే చేసికొనవచ్చును. ఇరువదియైదు మొదలు నలుబది సెంటీమీటర్ల లోతున కనుమరుగైనచో పాచి తగుపాటిగా నున్నది. పదిహేను సెంటీమీటర్లకే మాయమైనచో ఆ రాత్రి మెలకువతో నుండవలెను. ఇక మన ప్రాంతపు మేతసంచి యొకటి కలదు. రంధ్రములు చేసి, తవుడు నింపి, వరుసగా వ్రేలాడదీయు ఆ సంచిని చేపలు పొడిచి తినును. ప్రతిదినము ఖాళీయగు వేళకు సంచి బరువుగా నున్నచో, చేప తల యెత్తుటకు ముందే చెరువు వార్త పంపినదన్న మాట. ఆనాడు సాయంకాలమే పళ్ళెము దింపి చూచి, ఏరియేటరును తెల్లవారినాక గాక నడిరాత్రినుండియే తిప్పవలెను. చెడిన నీటిని తూము ఎత్తి వదలవలసివచ్చినచో, దిగువ చెరువువానికి ముందుగా కబురంపవలెను; అతడు ఆ పూట తన ఇంజనును ఆపుకొనును.