చేతి గడియారము చెప్పిన రహస్యము

పూర్వము చేతి గడియారము కాలమును మాత్రమే తెలుపుచుండెను. నేటి గడియారము ధరించినవాని నాడిని చూచును, అడుగులను లెక్కించును, అతడు ఏ దారిని ఎంత వేగముగా నడచెనో వ్రాసి యుంచును. దాని అడుగుభాగమున చిన్న ఆకుపచ్చని దీపములు కలవు. రక్తము ఆకుపచ్చని కాంతిని ఎక్కువగా పీల్చుకొనును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల మణికట్టులో రక్తము పొంగును. అప్పుడు తిరిగి వచ్చు కాంతి తగ్గును. ఆ హెచ్చుతగ్గులను లెక్కించినచో నాడి తెలియును.

ఉన్న తావును తెలిసికొను విధము వేఱు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు కృత్రిమ ఉపగ్రహములు కాలమును తెలుపు సంకేతములను ఎడతెగక పంపుచుండును. సంకేతము చేరుటకు పట్టిన కాలమును బట్టి గడియారము ఒక్కొక్క ఉపగ్రహము దూరమును గణించును. నాలుగింటి దూరములు తెలిసినచో తానున్న చోటు తెలియును.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్ట్రావా అను సంస్థ కలదు. పరుగెత్తువారును, సైకిలు త్రొక్కువారును తమ దారుల వివరములను గడియారముల నుండియు, సెల్‌ఫోనుల నుండియు దానికి పంపుదురు. 2017 నవంబరులో ఆ సంస్థ ఒక ప్రపంచ పటమును ప్రకటించెను. రమారమి నూరు కోట్ల నడకలు, పరుగులు, ప్రయాణములు అందు చేరినవి. పలువురు తిరిగిన దారి మిక్కిలి వెలుగుతోను, ఎవరును తిరుగని చోటు చీకటిగాను కనిపించును. అందు ఎవరి పేరును లేదు. పేరు లేనిచో రహస్యమెట్లు బయటపడునని సంస్థవారు తలచిరి కాబోలు. చూచినవారు చక్కని పటమని మెచ్చుకొనిరి.

ఆస్ట్రేలియా దేశమున నాథన్ రూసర్ అను ఇరువది యేండ్ల విద్యార్థి ఉండెను. దేశముల భద్రతకు సంబంధించిన విషయములు అతని చదువు. ఆ పటము సంపన్నులైన తెల్లవారు ఎచ్చట నున్నారో చూపుచున్నదని అతని తండ్రి మాటవరుసకు అనెనట. కొడుకు ఆ మాటను అంతటితో విడువలేదు. సిరియాలో యుద్ధము జరుగుచున్నదనియు, అచ్చట విదేశీ సైనికులు ఉన్నారనియు అతడు వార్తలలో చదివియుండెను. మఱి వారి వెలుగు కూడ పటములో కనిపించునా? అతడు సిరియా భాగమును పెద్దదిగా చేసి చూచెను. చీకటి నడుమ అచ్చటచ్చట చిన్న వెలుగులు ఉన్నవి! శిబిరము చుట్టును సైనికులు వ్యాయామమునకై పరుగెత్తిన దారులవి. 2018 జనవరి 27వ తేదీన అతడు ఆ సంగతిని ట్విట్టరులో వెల్లడించెను. కొలది దినములలో అది ప్రపంచమంతట వార్త అయ్యెను.

శిబిరములు ఆకాశము నుండి తీసిన ఛాయాచిత్రములలో అంతకు ముందే కనిపించుచుండెను గదా యని కొందరనిరి. నిజమే. కాని ఆ చిత్రములు కట్టడములనే చూపును. మనుష్యులు ప్రతిదినము ఏ దారిన తిరుగుదురో చూపవు. పగవానికి కావలసినది ఆ దారియే.

సంతలో నడచినవాని అడుగుజాడను ఎవరు పోల్చగలరు? ఇసుకతిన్నెపై ఒక్కడే నడచినచో ఆ జాడ ఎవరిదో అడుగనక్కఱలేదు. నగరములలో లక్షల దారులు కలిసిపోయినవి. ఎడారిలో సైనికుల దారి మాత్రమే మిగిలినది. పల్లెలో తెల్లవారుజామున ఒంటరిగా పరుగెత్తు బాలుని గీత కూడ ఇట్టిదే. అది అతని ఇంటి గుమ్మమున మొదలై అచ్చటనే ముగియును. ఇంటి చుట్టుపట్ల గీతను మఱుగుపఱచు ఏర్పాటు కలదు గాని, ఆనాడు దానిని ధరించినవాడే కోరి పెట్టుకొనవలసియుండెను.

2018 మార్చిలో ఆ సంస్థ, తమ వద్ద పేరు నమోదు చేసికొననివారికి వీధుల వివరములు కనిపింపకుండ పటమును మార్చెను. ఆగస్టులో అమెరికా రక్షణశాఖ, యుద్ధకార్యములు జరుగు చోట్ల తావును తెలుపు పరికరములను వాడరాదని ఆజ్ఞాపించెను. అయినను 2024 అక్టోబరులో ఫ్రాన్సు దేశపు లె మోండ్ పత్రిక, అధ్యక్షుల అంగరక్షకులే ఇట్లు తమ పరుగులను లోకమునకు చూపుచున్నారని బయటపెట్టెను. ఫ్రాన్సు అధ్యక్షుడు 2021లో ఎవరికిని చెప్పక విశ్రాంతికి వెళ్లిన సముద్రతీరపు ఊరు కూడ వారి పరుగుల వలననే తెలిసినది.