ఓడి గెలిచిన ఆట

తెలుగు పాఠాలు చెప్పుకునే ఆవిడకు క్రికెట్ పిచ్చి ఏమిటని మా కళాశాల పిల్లలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. నాకు ఆటకన్నా, ఆట చూసిన ఇళ్లూ, పక్కన కూర్చున్న మనుషులూ ఎక్కువ జ్ఞాపకం. అందులోనూ 1998 ఏప్రిల్ 22వ తేదీ రాత్రి మరీ జ్ఞాపకం.

మాది కుప్పం. ఇంట్లో తెలుగు మాట్లాడి, వీధిలోకి వస్తే తమిళమూ కన్నడమూ వినిపించే ఊరు. నాయన అక్కడ బడిలో లెక్కల అయ్యవారు. పరీక్షలు కాగానే మూటాముల్లె కట్టుకుని, వి.కోట, పలమనేరుల మీదుగా పుంగనూరు చేరేవాళ్లం. అది అమ్మ పుట్టిల్లు. అక్కడ నాలుగు రోజులుండి మదనపల్లెలో చిన్నమ్మగారింటికి. ఏటా ఇదే వరుస. పుంగనూరులో అవ్వ చేతి మామిడికాయ పప్పు, దొడ్లో నా నడుమెత్తు కూడా లేని పొట్టి ఆవు. మదనపల్లెలో చల్లని సాయంకాలాలు. సెలవులకు అంతకన్నా ఏం కావాలి?

కాని ఆ ఏటికి రెండేళ్ల ముందు ఇంట్లో ఒక ముల్లు పడింది. మామ బోరు వేయిస్తానని నాయన దగ్గర 20,000 రూపాయలు తీసుకున్నాడు. బోరులో నీళ్లు పడలేదు, డబ్బు తిరిగి రాలేదు. మాటా మాటా పెరిగి, ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. ఆ రోజు కూడా నాయన మమ్మల్ని దింపి, తెల్లవారే బస్సుకు పోతానని, పంచలో నులకమంచం మీద తువ్వాలు ముఖాన కప్పుకుని పడుకున్నాడు. లోపల మామ కొత్తగా పెట్టించిన కేబుల్ టీవీ ముందు మేమంతా చేరాం. గిన్నె నిండా బొరుగులు, ఎర్రగడ్డ ముక్కలు.

షార్జాలో ఆస్ట్రేలియాతో ఆట. వాళ్లు 50 ఓవర్లలో 284 కొట్టారు. మనవాళ్లు నాలుగు వికెట్లు పోగొట్టుకున్నారు. సచిన్ ఉన్నాడు, అతనికి జతగా మన హైదరాబాదు లక్ష్మణ్ ఉన్నాడు. ఉన్నట్టుండి తెరంతా మసక. ఏమీ కనబడలేదు.

“చెడిపోయిందిరా, వీపు మీద నాలుగు తట్టండి,” అంది అవ్వ.

చెడింది టీవీ కాదు. ఎడారిలో ఇసుక తుఫాను లేచింది. ఆటగాళ్లు నేల మీద బోర్లా పడుకున్నారు. మా కేకలకు నాయన లేచి, గడప దగ్గర నిలబడి చూడసాగాడు. గాలి తగ్గేసరికి లెక్క మారింది. 46 ఓవర్లలో 276 కొట్టాలట. ఇంకెక్కడ గెలుస్తామని తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు.

అప్పుడు మామ, తెర మీంచి చూపు తిప్పకుండానే, “బావా, ఓడిపోతే ఇంటికి పోవాల్సిందేనా?” అన్నాడు.

గదిలో అందరం ఊపిరి బిగబట్టాం. రెండేళ్ల తరువాత పలికిన మొదటి మాట అది!

నాయన ఒక్క నిమిషం ఊరుకున్నాడు. లెక్క అడిగితే జవాబు చెప్పకుండా ఉండగలిగే మనిషి కాదు. లోపలికి వచ్చి, తమ్ముడి పలక అందుకున్నాడు. “లేదప్పా. మనకూ న్యూజీలాండుకూ సమానంగానే గెలుపులున్నాయి. ఇక పరుగుల సగటు చూస్తారు. 276 కొడితే గెలుపు. 237 కొడితే ఓడినా ఫైనలు మనదే,” అని రెండు అంకెలూ వేసి చూపించాడు. మామ జరిగి చోటిచ్చాడు. నాయన కూర్చున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నేనొక్కదాన్నే చూశాను.

237 దాటింది. అయినా సచిన్ ఆగలేదు, గెలుపు కోసమే ఆడి, 143 దగ్గర అవుటయ్యాడు. 250 దగ్గర ఆట ముగిసింది. 26 పరుగులతో ఓడిపోయాం, ఫైనలుకు వెళ్లాం. ఓడినందుకు పుంగనూరులో ఆ రాత్రి ఎవరూ బాధపడలేదు.

తెల్లవారే బస్సు వెళ్లిపోయింది. నాయన వెళ్లలేదు. 24వ తేదీన అందరం కలిసి మదనపల్లె చేరాం. ఆ రోజు సచిన్‌కు ఇరవై అయిదేళ్లు నిండాయి. 134 కొట్టాడు, కప్పు మనదైంది. పిల్లలంతా వీధిలోకి ఉరికి జనగణమన అందుకున్నారు. ఆ గీతాన్ని రవీంద్రుడు 1919లో ఇంగ్లీషు చేసింది ఆ ఊళ్లోనే, బీసెంటమ్మ కళాశాలలో ఉన్నప్పుడే. ఆ సంగతి మాకు చెప్పింది నాయనే. వింటూ పక్కన నిలబడింది మామ.

తిరుగు ప్రయాణంలో నాయన అమ్మతో, “ఆ డబ్బు సంగతి ఇంక ఎత్తవద్దు,” అన్నాడు. అంతే. ఆ మాట మామ చెవిన ఎవరు వేశారో తెలియదు. ఆ ఏటినుంచి సంక్రాంతికి ఒక చెనిక్కాయల మూట తప్పకుండా కుప్పం బస్సెక్కేది.

20,000 దగ్గర నాయన ఓడిపోయాడని చుట్టాలు కొందరు అన్నారు. ఆయన లెక్క వేరు. ఎక్కడిదాకా ఓడినా తరువాతి ఆటకు చోటుంటుందో ఆయనకు తెలుసు. ఈ లెక్క ఆయన బడిలో చెప్పలేదు, ఆ రాత్రి పలక మీద చూపించాడు.

నాయన ఇప్పుడు లేడు. మామకు కళ్లు సరిగా ఆనవు. అయినా ఆట ఉన్న రాత్రి నాకు ఫోను చేసి ఇప్పటికీ అడుగుతాడు:

“అమ్మాయీ, ఎంత కొడితే చాలు?”