స్తనపరీక్షలో అతిధ్వని చిత్రము: స్పష్టత ఎట్లు కలుగును?

స్తనములో చేతికి గడ్డ తగిలినప్పుడు వైద్యుడు మొదట తేల్చుకొనవలసినది, అది నీటితిత్తియా, గట్టి గడ్డయా అని. నీరు మాత్రమే నిండిన తిత్తి సాధారణముగా అపాయకరము కాదు. గట్టి గడ్డలలో పెక్కు నిరపాయకరములు. కొన్ని మాత్రము క్యాన్సరు. ఈ భేదమును సూది గ్రుచ్చకుండగనే చాలవరకు తెలుపగలది అతిధ్వని పరీక్ష. దీనినే అల్ట్రాసౌండు అందురు. కాని చిత్రము మసకగా ఉన్నచో తిత్తి గడ్డవలెను, గడ్డ తిత్తివలెను కనిపింపవచ్చును.

లోతైన బావిలోనికి కేక వేసినచో కొంతసేపటికి ప్రతిధ్వని వినిపించును. నీరు ఎంత లోతుననున్న అది అంత ఆలస్యముగా వచ్చును. అతిధ్వని యంత్రము చేయు పనియు ఇదియే. 1952లో అమెరికాలో జాన్ వైల్డ్, జాన్ రీడ్ అనువారు ఈ పద్ధతిని అనుసరించి స్తనములోని గడ్డల చిత్రములను ప్రకటించిరి.

మన చెవికి వినిపించు ధ్వనులు సెకండుకు సుమారు 20,000 కంపనములను మించవు. స్తనపరీక్షలో వాడు ధ్వని 12 మెగాహెర్ట్జుల ప్రాంతమున, అనగా సెకండుకు 1 కోటి 20 లక్షల కంపనములతో ఉండును. ఇంత హెచ్చు ధ్వని ఎందుకు? మెత్తని శరీరభాగములలో ధ్వని సెకండుకు సుమారు 1,540 మీటర్లు పోవును. అందుచేత 5 మెగాహెర్ట్జుల ధ్వనికి తరంగదైర్ఘ్యము 0.3 మిల్లీమీటరు, 12 మెగాహెర్ట్జులకు 0.13 మాత్రమే. తరంగము ఎంత పొట్టిదైన, అంత సూక్ష్మమైన వివరము కనిపించును.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. కంపనములు పెరిగినకొలది ధ్వనిని శరీరము ఎక్కువగా హరించును. 3 సెంటీమీటర్ల లోతునకు పోయి తిరిగివచ్చుసరికి 5 మెగాహెర్ట్జుల ధ్వని బలము ఇంచుమించు 30వ వంతునకు, 12 మెగాహెర్ట్జులది 4,000వ వంతునకు తగ్గును. అందుకే రోగిని కొంచెము ప్రక్కకు ఒరిగి, చేయి తలపైకి ఎత్తి పడుకొనుమందురు. అప్పుడు స్తనము పలుచగా పరచుకొని లోతు తగ్గును. ప్రోబునకు, చర్మమునకు నడుమ గాలి ఉన్నచో ధ్వని లోనికే పోదు. జెల్లు పూయుట అందులకే. ధ్వనికిరణము సన్నబడు చోటు, అనగా నాభి, గడ్డ ఉన్న లోతునకే సరిపోవలెను.

ప్రతిధ్వనులను పెద్దవి చేసి చూపు మీటను గెయిన్ అందురు. దానిని మితిమీరి పెంచినచో తేటనీటి తిత్తిలోనూ మరకలు కనిపించి గట్టి గడ్డయని భ్రమ కలుగును. మరీ తగ్గించినచో గట్టి గడ్డయే నల్లగా, తిత్తివలె కనిపించును. రెండవ పొరపాటు మరింత ప్రమాదకరము.

చిత్రమంతట ఇసుక చల్లినట్లుండు పొడ మరియొక చిక్కు. సూక్ష్మకణములనుండి చెదరిన తరంగములు ఒకదానితో నొకటి కలిసి, కొన్నిచోట్ల బలపడి, కొన్నిచోట్ల రద్దగుటచే ఇది కలుగును. దీనిని తగ్గించుటకు ఒకే చోటును పలు కోణములనుండి చూచి, ఆ చిత్రములను కలిపి సరాసరి తీయుదురు. కోణము మారినప్పుడు పొడ మారును. నిజమైన అంచు మారదు. కాబట్టి సరాసరిలో పొడ అణగి, అంచు తేరును.

కాని ఇక్కడనే జాగ్రత్త అవసరము. నీటిలో ధ్వని అంతగా తగ్గదు; అందుచే తిత్తికి వెనుక భాగము తెల్లగా మెరయును. కొన్ని క్యాన్సరు గడ్డల వెనుక నల్లని నీడ పడును. ఈ రెండును వైద్యునకు ముఖ్యమైన ఆనవాళ్లు. పలు కోణముల సరాసరి పొడతోబాటు వీనిని కూడ పలుచన చేయును. కనుక అనుభవము గలవారు అనుమానమున్నచో ఆ సదుపాయమును ఆపి, అదే చోటును మరల చూతురు. స్తనములోని బంధనములవలన కూడ నీడ పడవచ్చును. ప్రోబును మెల్లగా అదిమినను, కోణము మార్చినను అట్టి నీడ తరచుగా తొలగిపోవును.

ఇంత జాగ్రత్త పడినను అనుమానము తీరనిచో, సూదితో ముక్క తీసి పరీక్షించుటయే మార్గము. ఆ సూదిని సరియైన చోటికి నడిపించునదియు ఈ చిత్రమే. అప్పుడును స్పష్టతయే ప్రధానము.