నంబరు అదే... బస్సు అదేనా?

‘మా నాన్న నడిపిన బస్సు ఇప్పుడెక్కడుంది?’

లండన్ పాత బస్సుల పిచ్చోళ్లు ఎక్కడ కలిసినా ఈ ప్రశ్న వినిపిస్తుంది. అడిగేవాళ్ల దగ్గర తరచూ ఓ బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఉంటుంది. యూనిఫాంలో నాన్న, వెనకాల డబుల్ డెక్కర్, దాని మీద ‘ఆర్‌ఎం’ అనో ‘ఆర్‌టీ’ అనో రెండక్షరాలు, పక్కన నంబరు. నంబరు ఉందిగా, వెతికితే దొరక్కపోతుందా అనుకుంటాం. చాలాసార్లు దొరుకుతుంది కూడా. అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

ఆర్‌ఎం అంటే రూట్‌మాస్టర్. లండన్ అనగానే మన కళ్లముందు కదిలే ఎర్ర బస్సు అదే. తొలి నమూనా 1954లో జనానికి కనిపించింది. 1968 వరకూ మొత్తం 2,876 తయారయ్యాయి. అంతకుముందు తిరిగిన ఆర్‌టీలో 56 సీట్లుంటే, ఇందులో 64. బరువు మాత్రం పెరగలేదు. కారణం అల్యూమినియం. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు హాలిఫాక్స్ బాంబర్ విమానాల తయారీలో పాలుపంచుకున్నారు. అప్పుడు ఒంటబట్టిన విద్యనే బస్సు మీద వాడారు. ఆ రోజుల్లోనే పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు! డ్రైవర్‌కి ముందు విడిగా చిన్న క్యాబిన్, వెనకాల తలుపుల్లేని ఫుట్‌బోర్డు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఎక్కేయొచ్చు, దిగిపోవచ్చు. మన సిటీ బస్సుల్లో వేలాడినవాళ్లకి ఈ సుఖం కొత్తగా చెప్పక్కర్లేదు.

అన్నట్టు, బ్రిటిష్ బస్సులు మనకి మరీ పరాయివేం కాదు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే తర్వాత ఆర్టీసీ అయింది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ హైదరాబాద్‌లో భద్రంగా ఉంది. ఆల్బియన్ కంపెనీది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. రోజూ చూసే అశోక్ లేలాండ్‌లో ‘లేలాండ్’ కూడా ఇంగ్లండ్‌లో ఓ ఊరి పేరే.

విప్పేసి, కలిపేసి...

సరే, నంబరు దగ్గరికొద్దాం. లండన్ శివార్లలో ఆల్డెన్‌హామ్ అని ఓ భారీ వర్క్‌షాప్ ఉండేది. కొన్నేళ్లకోసారి ప్రతి బస్సూ అక్కడికి వెళ్లాల్సిందే. చిన్నాచితకా రిపేర్లు కాదు, పూర్తిగా విప్పేసేవాళ్లు. ఆర్‌టీ అయితే బాడీని ఛాసీ నుంచి ఎత్తేసేవాళ్లు. మొత్తం బాడీ క్రేన్‌కి వేలాడుతూ షెడ్డులో అటూ ఇటూ తిరిగేది. 1963 నాటి ‘సమ్మర్ హాలిడే’ సినిమా మొదట్లో కనిపించేది ఆ వర్క్‌షాపే.

ఛాసీ పని త్వరగా అయిపోయేది. బాడీకి ఎక్కువ రోజులు పట్టేది. దానికోసం దీన్ని ఖాళీగా ఉంచడమెందుకని, సిద్ధంగా ఉన్న ఇంకో బాడీని తెచ్చి బిగించేవాళ్లు. ఛాసీ లేని రూట్‌మాస్టర్‌నీ వదల్లేదు. ముందూ వెనకా ఉండే ఇనప ఫ్రేములు ఊడదీసి, వేరే బాడీకి వేసేవాళ్లు. అసలు కిటుకు ఇంకోటుంది. పాత బస్సు లోపలికి వెళ్లగానే, అప్పటికే రెడీ అయిన బస్సుకి దాని నంబర్ ప్లేట్లు తగిలించి రోడ్డెక్కించేసేవాళ్లు. కాగితాల మీద ఆ బస్సు ఒక్కరోజు కూడా ఆగినట్టుండదు. లైసెన్స్ డబ్బులు దండగ కావు. లెక్కల్లో పక్కా!

అంటే, నాన్న సోమవారం డిపోలో అప్పగించిన బస్సు, అదే నంబరుతో తిరిగొచ్చేసరికి మరో బస్సు. ఆయనకి తెలిసేదో లేదో!

అందరికీ దక్కని సీటు

ఆ ఫొటోలు దాచుకున్నది ఇంగ్లిష్ కుటుంబాలే కాదు. సిబ్బంది చాలక లండన్ ట్రాన్స్‌పోర్ట్ 1956 నుంచి బార్బడోస్ వెళ్లి మరీ మనుషుల్ని తెచ్చుకుంది. కానీ అన్ని ఊళ్లూ అలా లేవు. బ్రిస్టల్‌లో తిరిగిన ఆకుపచ్చ డబుల్ డెక్కర్లని చూసి అభిమానులు ఇప్పుడు మురిసిపోతారు. అక్కడి బస్సు కంపెనీ 1963 వరకూ నల్లవాళ్లనీ, ఆసియా వాళ్లనీ డ్రైవర్లుగా, కండక్టర్లుగా పెట్టుకోలేదు. పాల్ స్టీఫెన్‌సన్ అనే యువకుడి నాయకత్వంలో నెలల తరబడి ఆ బస్సుల్ని బహిష్కరించారు. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. మరుసటి నెలలో బ్రిస్టల్‌కి తెల్లవాడు కాని తొలి బస్ కండక్టర్ వచ్చాడు. ఆయన మనవాడే, రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. పాత బస్సుల ముచ్చట్లలో ఇది కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఆ ఆకుపచ్చ రంగొక్కటే గుర్తుంటుంది.

చప్పుడు కోసం

ఆల్డెన్‌హామ్ 1986లో మూతపడింది. రూట్‌మాస్టర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 1990ల్లో చాలావాటికి కొత్త ఇంజన్లు వేశారు. పాతవి ఏఈసీ కంపెనీవి, ఆ ఫ్యాక్టరీ సౌతాల్‌లో ఉండేది, 1979లోనే పోయింది. ఇవాళ కొందరు యజమానులు బోలెడు ఖర్చుపెట్టి మళ్లీ ఏఈసీ ఇంజనే వెతికి వేయిస్తున్నారు. ఆ చప్పుడు కోసం! కళ్లు మూసుకుని వింటే చిన్నప్పటి స్టాప్‌లో నిలబడ్డట్టే ఉంటుందంటారు.

2005 డిసెంబర్ 9న 159 నంబరు రూట్లో మామూలు సర్వీసు ఆఖరైంది. డిపోకి చివరగా చేరింది ఆర్‌ఎం 2217. చాలామంది బాధపడ్డారు గానీ, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు యాభై ఏళ్లపాటు ఆ ఫుట్‌బోర్డు ఎక్కలేకపోయారన్నదీ నిజమే.

మరి ఫొటో పట్టుకొచ్చిన వాళ్లకి ఏం చెబుతారు? నిఖార్సైన అభిమాని రెండు జవాబులిస్తాడు. నంబర్ ప్లేటుతో సంబంధం లేకుండా బాడీకి సొంత నంబరుంటుంది. ఏ బాడీ ఏ ఏడాది ఏ నంబరుతో తిరిగిందో రాసి పెట్టుకున్నవాళ్లున్నారు. కాబట్టి నాన్న నంబరుతో ఉన్న బస్సు ఒకచోట ఉండొచ్చు. ఫొటో తీసిన రోజు ఆయన ఆనుకుని నిలబడ్డ బాడీ, బతికుంటే, ఇంకోచోట వేరే నంబరుతో ఉండొచ్చు.

మీరైతే ముందు దేన్ని చూడ్డానికి వెళ్తారు?