చుక్క కాదు... గీత చూడండి!

గ్రాఫు అనగానే మనలో చాలామందికి పదో తరగతి లెక్కల పరీక్షే గుర్తొస్తుంది. గ్రాఫు కాగితం అడిగి తీసుకోవడం, ఎక్స్ అక్షం, వై అక్షం గీయడం, చుక్కలు పెట్టి కలపడం, దాన్ని జవాబు పత్రానికి దారంతో కట్టేయడం... అంతటితో దాని రుణం తీరిపోయిందనుకుంటాం. కానీ పిల్లలు పుట్టాక అదే గ్రాఫు మళ్ళీ మన చేతికొస్తుంది. తల్లీబిడ్డల కార్డులో ఉండే ఎదుగుదల పట్టిక అదే! టీకాల తేదీలు చూసుకుని కార్డు బీరువాలో పెట్టేస్తాం కానీ, ఆ గీతల పేజీ వంక ఎంతమందిమి చూస్తున్నాం?

నిజానికి అందులో బ్రహ్మవిద్యేం లేదు. మారే సంగతులు రెండే. సైన్సు వీటినే చలరాశులంటుంది. కింద అడ్డంగా బిడ్డ వయసు, నెలల్లో. పక్కన నిలువుగా బరువు, కిలోల్లో. వయసు ఎవరి కోసమూ ఆగదు, దానంతటది పెరిగిపోతుంది. బరువు అలా కాదు. తిండి సరిపోకపోయినా, జబ్బు చేసినా ఆగిపోతుంది. వయసుతో పాటు బరువూ నడుస్తోందా లేదా అని చెప్పడమే ఈ గ్రాఫు పని. నెలనెలా తూచి చుక్క పెట్టి, చుక్కల్ని కలిపితే చాలు.

1960 ప్రాంతంలో నైజీరియాలోని ఒక పల్లెలో పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు ఇలాంటి కార్డుని తల్లుల చేతికే ఇచ్చి ఇంట్లో దాచుకోమన్నాడు. దానికి పెట్టిన పేరు 'ఆరోగ్యానికి బాట'. ఇప్పుడు మన కార్డుల్లో ఉన్న గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసినవి. ఇండియా, బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని తూచి, కొలిచి తయారుచేశారు. వాళ్ళలో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. అందుకని "అవి దొరల పిల్లల లెక్కలమ్మా, మనవాళ్ళది సన్న వాటం" అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

మా చెల్లెలి కూతురికీ, వాళ్ళ పక్కింటి పాపకీ తొమ్మిదో నెలలో ఒకే బరువు. ఇద్దరూ 7 కిలోలు. ఇద్దరి చుక్కలూ ఆకుపచ్చ పట్టీలోనే ఉన్నాయి. "ఇద్దరూ కవల పిల్లల్లా ఉన్నారు" అని అందరూ మురిసిపోయారు. అంగన్‌వాడీ టీచరు మాత్రం మురవలేదు. పక్కింటి పాప పుట్టినప్పుడు రెండున్నర కిలోలు. ఆరో నెలకి 6.2, తొమ్మిదో నెలకి 7. చిన్నదే, కానీ గీత పైకి ఎక్కుతూనే ఉంది. మా చెల్లెలి కూతురు 3.2 కిలోలతో పుట్టింది. ఆరో నెలకే 7 కిలోలకి వచ్చేసి, ఆ మూడు నెలలూ అక్కడే ఆగింది. గీత పడుకుంది!

చుక్క చెప్పేది ఈ రోజు సంగతి. గీత చెప్పేది బిడ్డ ఎటు పోతోందో. ఒక్క చుక్కని చూస్తే ఇద్దరూ ఒకటే. గీత చూస్తే ఒకరు నడుస్తున్నారు, ఒకరు ఆగిపోయారు.

అయితే గీత 'ఆగింది' అని చెబుతుంది కానీ 'ఎందుకు' అని చెప్పదు. అది మనం వెతుక్కోవాలి. మా చెల్లెలి అత్తగారు వెంటనే అన్నారు, "పళ్ళొస్తున్నాయి కదమ్మా, విరేచనాలు మామూలే" అని. తరతరాలుగా వింటున్న మాటే. పళ్ళూ విరేచనాలూ ఒకే సమయంలో కనిపించే మాట నిజం. కానీ కలిసి వచ్చినంత మాత్రాన ఒకదానివల్ల రెండోది వచ్చినట్టేనా? ఆరో నెల దాటాకే చాలామందికి పళ్ళొస్తాయి. ఆ వయసులోనే బిడ్డ పాకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. బయటి తిండీ, నీళ్ళూ అప్పుడే మొదలవుతాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ శక్తి అప్పుడే తగ్గుతుంది. పళ్ళూ, విరేచనాలూ ఒకే బస్సు దిగిన ఇద్దరు ప్రయాణికులు. ఒకరు రెండోవారిని తీసుకురాలేదు, ఇద్దర్నీ దించింది ఆ వయసు.

ఈ తేడా తెలియకపోతే నష్టం బిడ్డకి. "పళ్ళ విరేచనాలేలే" అనుకుంటే ఓఆర్ఎస్ తాగించం, డాక్టరుకి చూపించం. ఒంట్లో నీరు పోయి పసిప్రాణం మీదికొస్తుంది. మా చెల్లెలు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఓఆర్ఎస్, పద్నాలుగు రోజుల జింకు మందు రాశారు. పలచటి జావ ఒక్కటే సరిపోదన్నారు. పప్పన్నం మెత్తగా మెదిపి నెయ్యి వేసి, ఉడికించిన గుడ్డు, కూరగాయలు, తల్లిపాలతో పాటు పెట్టమన్నారు. మరుసటి నెల గీత తల ఎత్తింది.

పక్కింటి బిడ్డతో పోల్చుకుని బాధపడటం మన ఆడవాళ్ళకి అలవాటే. బిడ్డని పోల్చాల్సింది పక్కింటి బిడ్డతో కాదు, పోయిన నెల తనతోనే. ఈసారి తూకానికి వెళ్ళినప్పుడు "ఎంతుందండీ?" అని అడిగి ఊరుకోకండి. కార్డు ముందుకు జరిపి, "పోయిన నెల చుక్కకి ఈ నెల చుక్క కలపండి" అనండి. గీత పడుకుందా, మనం లేవాల్సిన వేళయిందన్న మాటే!