కాటి సీను పద్యాలు మనవి, వేషం ఎవరిది?

సత్య హరిశ్చంద్ర నాటకం పడితే జనం నిద్ర ఆపుకుని కూర్చునేది కాటి సీను కోసమే. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాశారు. కానీ ఆ సీనులో నటులు పాడే, వన్స్‌మోర్లు కొట్టించే పద్యాలు గుర్రం జాషువా ‘శ్మశానవాటి’లోవి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించిన కవి ఆయన. ‘పద్యం మీకు నోరు తిరగదు’ అని మన పిల్లలతో ఎవరైనా అంటే మొదటి జవాబు ఇదే.

మేడ్చల్, శామీర్‌పేట వాడల్లో పద్యనాటకం ఆడాలని ఆశపడే యువతీ యువకుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మొదటి మెట్టు రాగం కాదు, అర్థం. పద్యాన్ని ముందు మామూలు మాటల్లా చదవండి. ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారో తెలియాలి. తెలియకుండా రాగం తీస్తే మాట మధ్యలో ఊపిరి తెగుతుంది, భావం పోతుంది.

రెండోది ఛందస్సు. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, యతి 13వ అక్షరం. ఉత్పలమాలలో 20 అక్షరాలు, యతి 10వది. ఈ లెక్క పట్టుబడితే ఒక్క అక్షరం జారినా చెవి పట్టేస్తుంది. ఇది బడిలో చదివిన పాఠమే, కొత్త విద్య కాదు.

మూడోది శ్రుతి. హార్మోనియం పక్కన కూర్చుని మీ గొంతుకు సరిపడే శ్రుతి తెలుసుకోండి. పెద్ద నటుల రికార్డు విని వాళ్ల ఎత్తులోనే పాడబోతే గొంతు పాడవుతుంది. మొదట్లో నెలకు రెండు మూడు పద్యాలు చాలు.

ఎక్కడ నేర్చుకోవాలి? మన జిల్లాలోనే, బాచుపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. అక్కడ రంగస్థల కళల కోర్సుల గురించి అడగండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖ ఉంది. దరఖాస్తు చేసేటప్పుడు రిజర్వేషన్, స్కాలర్‌షిప్ వివరాలు అడగడం మరవొద్దు. మీ చుట్టుపక్కల చిందు కళాకారులు, చిరుతల రామాయణం ఆడిన పెద్దలు ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. చిందు భాగవతానికే జీవితం ఇచ్చిన చిందు ఎల్లమ్మ నేర్చింది అలాంటి ఆటలోనే.

నాటక సమాజంలో చేరేముందు రెండు ప్రశ్నలు వేయండి. ఖర్చు ఎవరిది? వేషాలు ఎవరు, ఎలా పంచుతారు? డ్రస్సులు, మేకప్, హార్మోనియం ఖర్చు నటులే పంచుకునే చోట పెద్ద వేషం డబ్బున్నవాళ్లకే పోతుంది. కాటికాపరి వీరబాహు వేషం చిన్నదేమీ కాదు. కానీ కులం చూసో, ఒంటి రంగు చూసో ప్రతిసారీ అదే మన చేతిలో పెడితే ఊరుకోవద్దు. హరిశ్చంద్రుడి పద్యం పాడి వినిపించి, ఆ వేషం అడగండి.

ఇవ్వకపోతే మొత్తం నాటకం కోసం ఆగక్కర్లేదు. హరిశ్చంద్రుడు, చంద్రమతి, వీరబాహు, ఒక హార్మోనియం ఉంటే కాటి సీను ఆడొచ్చు. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికో, సెప్టెంబర్ 28న జాషువా జయంతికో వాడలోనే ఆడండి. అయిపోయాక ఆ పద్యాలు ఎవరివో మైకులో గట్టిగా చెప్పండి.